డిశ్చార్జి తర్వాత బాధ్యత ఎవరిది?

కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల గురించీ, అవసరం లేకుండా గర్భసంచులు తీసెయ్యడం గురించీ స్త్రీల ఉద్యమం చాలాకాలంగా మాట్లాడుతోంది. పేగు ఆపరేషన్ గురించి మాత్రం మనం మాట్లాడం. అది డాక్టర్ల వ్యవహారమనుకుంటాం. కానీ ముందుగా తేదీ ఖాయం చేసుకుని చేసే పెద్దపేగు ఆపరేషన్ల తర్వాత కూడా పదిమందిలో సుమారు వొకరు నెల తిరక్కుండానే మళ్లీ ఆసుపత్రిలో చేరుతున్నారని అనేక దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. ఆ వొకరు ఎవరన్నది ఆపరేషన్ బల్ల మీదే తేలిపోదు. కొంత ఇంట్లో తేలుతుంది. అక్కడే ఇది మన సమస్య అవుతుంది.

తిరిగి చేరడానికి కారణాలు తెలియనివేం కావు. కుట్లు చీము పట్టడం, పేగు కదలక కడుపు ఉబ్బి వాంతులు కావడం, అతికిన చోట కారడం, వొంట్లో నీరు తగ్గిపోవడం. చిన్నపేగును పొట్ట మీదికి తీసి సంచి తగిలించిన వాళ్లకు ఈ చివరిది పెద్ద ప్రమాదం. వాళ్లకు ఉత్త నీళ్లు చాలవు, ఉప్పూ పంచదారా కలిసిన ఓఆర్‌ఎస్ కావాలి. అనంతపురం ఎండల్లో ఈ సంగతి చెప్పకుండా ఇంటికి పంపడమంటే ఏమిటో వేరే చెప్పాలా?

పొట్ట కోసిన తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలు బరువులెత్తొద్దంటారు. మంచిదే. కానీ హిందూపురం చుట్టుపక్కల పల్లెలో నిండు బిందె ఎవరు మొయ్యాలి? ధర్మవరంలో గుంటమగ్గం తొక్కే స్త్రీకి, కండెలు చుట్టే స్త్రీకి ఆరు వారాల కూలి ఎవరిస్తారు? పెనుకొండలో మగవాడు మంచాన పడితే భార్య పథ్యం వండుతుంది, కట్టు చూస్తుంది, మందులు గుర్తుచేస్తుంది. భార్యే పడితే? జ్వరం వచ్చినా పొయ్యి దగ్గరే నిలబడి "రేపు తగ్గుతుందిలే" అనుకుంటుంది. రేపటికి ఆలస్యమైపోతుంది.

ఈ మూడు ఊళ్లూ 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో వున్నాయి. అంతకుముందు ఇవి అనంతపురం జిల్లావి. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీని మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో అనంతపురం వొకటి. పేదలకు పెద్ద ఆపరేషన్ అందుబాటులోకి తెచ్చిన పథకమది. దాని ప్యాకేజీలో ఆపరేషన్ ఖర్చుతోపాటు డిశ్చార్జి తర్వాత పదిరోజుల మందులూ చేర్చారు. తిరిగి చేరడాన్ని వైద్యలోకం లెక్కించే గడువు మాత్రం 30 రోజులు. మిగిలిన ఇరవై రోజుల భారం ఇంటి మీద పడుతుంది. ఇల్లంటే స్త్రీయే కదా! 2019 డిసెంబరులో మొదలైన ఆరోగ్య ఆసరా, కోలుకునే కాలానికి రోజుకు రూ.225, నెలకు గరిష్ఠంగా రూ.5,000 చొప్పున ఇచ్చింది. విశ్రాంతికి వెల వుందని ప్రభుత్వం వొప్పుకున్న సందర్భమది. ఆ సూత్రాన్ని మనం వదులుకోకూడదు.

1990లలో డెన్మార్క్ శస్త్రవైద్యుడు హెన్రిక్ కెహ్లెట్, పేగు ఆపరేషన్ అయినవాళ్లను తొందరగా నడిపించి, తొందరగా తినిపించి, తొందరగా ఇంటికి పంపే పద్ధతిని ముందుకు తెచ్చాడు. మేలైన పద్ధతే. అయితే ముందే వివరంగా చెప్పడం, తర్వాత కనిపెట్టి వుండడం కూడా ఆ పద్ధతిలో భాగాలే. అవి లేకుండా పడకను మాత్రం తొందరగా ఖాళీ చేయిస్తే, ఆసుపత్రి పనిని జీతం లేకుండా ఇంటి స్త్రీకి అప్పగించినట్టే.

బాలింత ఇంటికి 42 రోజుల్లో ఆశా కార్యకర్త ఆరేడుసార్లు వెళ్లే ఏర్పాటు వుంది. పేగు కోయించుకున్న స్త్రీకి అలాంటి ఏర్పాటు ఎందుకుండకూడదు? ఆపరేషన్‌కి తేదీ ముందే తెలుసు. ఆ తర్వాతి నెలకూ ముందే ఏర్పాటు చెయ్యొచ్చు.

మనం అడగాల్సినవి ఇవి: ప్రమాద సూచనలు, ఫోన్ నంబరు రాసిన డిశ్చార్జి చీటీ ఆమె చదవగలిగే భాషలో, అంటే తెలుగులోనో, ఈ సరిహద్దు ప్రాంతంలో కన్నడంలోనో ఇవ్వాలి. మొదటి వారంలోనే ఆశా ఇంటికి వెళ్లాలి, ఆ పనికి ఆశాకు డబ్బివ్వాలి. పొట్ట సంచులు దగ్గరి ప్రభుత్వాసుపత్రిలోనే దొరకాలి. నెలలోపు తిరిగి చేరినవాళ్ల లెక్క, స్త్రీలదీ పురుషులదీ విడివిడిగా, ప్రతి ఆసుపత్రీ బయటపెట్టాలి.

సంఘాల్లో పనిచేస్తున్న మిత్రులు తమ ఊళ్లో ఈ ఏడాది ఆపరేషన్ అయిన స్త్రీల ఇళ్లకు వెళ్లి వొక్క ప్రశ్న అడగండి: ఇంటికొచ్చిన ఎన్నోరోజు నుంచి పని మొదలుపెట్టావమ్మా? ఆ జవాబులతోనే మన పోరాటం మొదలవ్వాలి.