'వికటకవి'ని తిప్పి రాస్తే...!

'వికటకవి'... ఎటునుంచి చదివినా వికటకవే! తెనాలి రామకృష్ణుడి కథ విన్న పిల్లలందరికీ తెలిసిన ముచ్చటే. అదే మాటను కంప్యూటర్‌కి ఇచ్చి తిప్పి రాయమంటే? అక్కడే ఉంది అసలు తిరకాసు.

ప్రోగ్రామింగ్‌లో ఓనమాలు దిద్దేవాళ్లకు 'స్ట్రింగ్ రివర్స్' తప్పనిసరి లెక్క. పైథాన్‌లో ఒక్క వరుసలో అయిపోతుంది. టర్బో సీలో 'ఎస్‌టీఆర్‌రెవ్' అనే రెడీమేడ్ ఫంక్షన్ ఉంది. కానీ అది సీ ప్రామాణిక లైబ్రరీలోది కాదు. ల్యాబ్‌లో చక్కగా నడిచిన ప్రోగ్రామ్ లినక్స్‌లో మొరాయించేది అందుకే. ఇంటర్వ్యూల్లో 'ఫంక్షన్ వాడకుండా రాయండి' అంటే బట్టీ పట్టినవాళ్లకు చెమటలు పట్టేదీ ఇక్కడే.

నిజానికి కిటుకు చిన్నదే. ఐదు పేకముక్కలు వరుసగా పేర్చండి. మొదటిదాన్నీ ఐదోదాన్నీ, రెండోదాన్నీ నాలుగోదాన్నీ తారుమారు చేయండి. మధ్యది కదలక్కర్లేదు. అంతే, వరుస తిరగబడింది! సగంలో ఆగకుండా చివరిదాకా మారుస్తూ పోతే మాత్రం అన్నీ మళ్లీ మొదటి చోటికే వస్తాయి. కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటు ఇదే. ఇంకొకటి... రెండు గ్లాసుల్లోని పాలూ మజ్జిగా మార్చుకోవాలంటే మూడో ఖాళీ గ్లాసు కావాలి కదా! ప్రోగ్రామ్‌లో 'టెంప్' చేసే పని అదే. సీలో మాట చివర ఉండే సున్నా గుర్తును కదపకూడదు. అది ముందుకొస్తే మాట అక్కడే అయిపోయిందనుకుని కంప్యూటర్ ఏమీ చూపించదు.

ఇంగ్లిష్‌కి ఇంతవరకూ చాలు. తెలుగుకి చాలదు. మనకు 'వి' ఒకే అక్షరం. యూనికోడ్‌లో 'వ' ఒకటి, గుడి మరొకటి. మనం 5 అక్షరాలుగా చదివే వికటకవి కంప్యూటర్ లెక్కలో 7 సంకేతాలు. గుడ్డిగా తిప్పితే ముందు ఒంటరి గుడి, దాని వెనక 'వకటకివ' వస్తాయి. పైథాన్‌లోని ఆ ఒక్క వరుస చేసేదీ ఇదే. పాపం, రామకృష్ణుడి బిరుదు కాస్తా చెడిపోతుంది!

మరేం చేయాలి? గుణింతాన్నీ ఒత్తునూ వాటి అక్షరంతో కలిపి ఒక్క ముక్కగా కట్టాలి. ఆ తర్వాతే తిప్పాలి. ఈ పని తెలిసి చేసేది రాసేవాళ్లే. కంప్యూటర్ చెప్పింది చేస్తుంది, అంతే. అందుకే పిల్లలు కీబోర్డు ముందు కూర్చునేలోగా ఓ కాగితం, పెన్సిల్ అందివ్వండి. ముందు ఇంట్లోవాళ్ల పేర్లు తిప్పి రాయమనండి. ఏ అక్షరం ఎక్కడికి వెళ్లిందో చేత్తో రాసి చూసుకున్నవాళ్లకు ఏ భాషలో ప్రోగ్రామ్ అడిగినా బెదురుండదు.