గల్ఫ్‌లో క్షిపణులు... బరంపురంలో పిల్లల మీద బరువు

2025 జూన్ 23 రాత్రి ఖతార్‌లోని అల్ ఉదైద్ అమెరికా వైమానిక స్థావరంపై ఇరాన్ క్షిపణులు ప్రయోగించింది. ఖతార్ కొన్ని గంటలపాటు గగనతలం మూసేసింది. మర్నాడే ఇరాన్, ఇజ్రాయెల్ మధ్య కాల్పుల విరమణ కుదిరింది. వార్తల్లో ఆ ఘట్టం అక్కడితో ముగిసింది. తండ్రి గల్ఫ్‌లో పనిచేసే ఇళ్లలో మాత్రం భయం అంత త్వరగా పోదు.

గంజాం తెలుగువారికి ఇది కొత్త కాదు. గోపాల్‌పూర్ రేవులో స్టీమరెక్కి రంగూన్ వెళ్లిన తరం మనకు ఉంది. పెద్దలు ఆ ఊరిని 'రంగం' అనేవారు. 1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు రంగూన్‌పై బాంబులు వేశాయి. ఆ తర్వాతి నెలల్లో లక్షల మంది భారతీయులు బర్మా విడిచిపెట్టారు. కొండలూ అడవులూ దాటి నడిచి వస్తూ వేలమంది దారిలోనే చనిపోయారు. ఆనాడు ఇక్కడి పిల్లలు ఉత్తరం కోసం ఎదురుచూడాల్సిందే.

ఇప్పుడు ఫోన్ ఉంది. కానీ బరువు పిల్లల మీదే పడుతోంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా లేదా ఇంగ్లీషు. తల్లికి ఒడియా చదవడం రాకపోతే టీవీలో స్క్రోలింగ్ చదివి చెప్పేది పదేళ్ల పిల్లే. ఇంగ్లీషులో వచ్చే రాయబార కార్యాలయ సూచనలను అర్థం చేసుకోవాల్సిందీ, వాట్సాప్ వీడియో నిజమో కాదో తేల్చాల్సిందీ ఆ పిల్లే. అటు నుంచి తండ్రి "ఏం లేదమ్మా, బాగానే ఉన్నాను" అంటాడు. తల్లి కన్నీళ్లు దాచుకుంటుంది. తాను చదివినదాంట్లో సగమే పిల్ల పైకి చెబుతుంది. ముగ్గురూ ఒకరికోసం ఒకరు దాస్తూ ఎవరికి వారు భయపడుతుంటారు.

ఈ పని పెద్దలు తీసుకోవాలి. తండ్రి పాస్‌పోర్టు నకలు, కంపెనీ పేరు, బస చిరునామా, బీమా పత్రం తల్లి దగ్గర ఉండాలి. ఈసీఆర్ పాస్‌పోర్టుతో గల్ఫ్‌లో ఉద్యోగానికి వెళ్లేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రమాదంలో మరణిస్తే, శాశ్వత వైకల్యం కలిగితే 10 లక్షల రూపాయల రక్షణ ఉంటుంది. ఈ సంగతి చాలా ఇళ్లకు తెలియాలి.

మన తెలుగు సంఘాలు పండుగలు ఘనంగా చేస్తాయి. సంక్షోభం రోజుల్లో వార్తలు చదివి, సరిచూసి ఆ తల్లులకు తెలుగులో చెప్పే మనిషిని వీధికొకరిని నియమించడం అంతకంటే కష్టమేమీ కాదు. అప్పుడు తండ్రి ఫోన్ చేసినప్పుడు ఆ పిల్ల యుద్ధం గురించి కాక తన లెక్కల పరీక్ష గురించి మాట్లాడగలదు.