శిక్షణ కాలం శ్రమ కాలమే!
ఆసుపత్రి సహాయకుల శిక్షణ భారం ఎవరు మోయాలి?



“పని నేర్పుతున్నాము, అదే చాలదా? జీతం కూడానా?” ఈ మాట యాజమాన్యాల నోట మనం వినడం ఇది మొదటిసారి కాదు. రైల్వే వర్క్‌షాపులలో అప్రెంటిస్‌కు ఈ మాటే చెప్పారు. తపాలా కార్యాలయాలలో గంటల లెక్కన పనిచేసిన యువకునికీ ఈ మాటే చెప్పారు. నేడు ఆసుపత్రి వార్డులలో రోగులకు పరిచర్య చేసే సహాయకురాలికి ఇదే పాట వినిపిస్తున్నారు. ఆమెను ఒకచోట ఆయా అంటారు, మరొకచోట అటెండెంటు అంటారు, ప్రభుత్వ నైపుణ్య పథకాల పరిభాషలో జనరల్ డ్యూటీ అసిస్టెంటు అంటారు. పేరు ఏదైనా ఆమె పని నేర్చుకునే కాలానికి వేతనం చెల్లించవలసిన వాడు యజమానియే. ఇది దయాధర్మం కాదు, హక్కు.

రైల్వే, తపాలా ఉద్యోగుల పత్రికలో ఈ ప్రస్తావన ఎందుకని కొందరు అడుగవచ్చు. మన కుటుంబాలు వెళ్ళేది ఆ ఆసుపత్రులకే. పదవీ విరమణ చేసి, పక్షవాతంతో మంచం పట్టిన మన సహోద్యోగిని ఒక పక్క నుండి మరొక పక్కకు తిప్పేది ఆ చేతులే. రెండు గంటలకొకసారి తిప్పకపోతే పడక పుళ్ళు పడతాయి. తిప్పడం తెలియక తిప్పితే రోగి కిందపడతాడు, తిప్పినామె నడుము విరుగుతుంది. ఒళ్ళు తుడవడం, మింగలేని వానికి పొరపోకుండా తినిపించడం, ఒక రోగి అంటు మరొక రోగికి సోకకుండా చేతులు శుభ్రం చేసుకోవడం, జ్వరం, నాడి చూసి నర్సుకు తెలపడం, ఇవన్నీ నేర్చుకోవలసిన విద్యలు. వీటిని “నైపుణ్యం లేని పని” అని జీతాల పట్టికలో అట్టడుగున పడవేసిన వారు ఒక్క రాత్రి ఆ వార్డులో డ్యూటీ చేసి చూడాలి.

శిక్షణ అవసరమన్న విషయంలో వివాదం లేదు. ఆ భారం ఎవరి నెత్తిన పడాలన్నదే వివాదం. ఇందుకు సోషలిస్టు దేశాల ఉదాహరణ అక్కరలేదు. పెట్టుబడిదారీ విధానానికి పెట్టనికోట అయిన అమెరికానే చూద్దాం. అక్కడి నర్సింగ్ హోములలో వృద్ధుల దుస్థితిపై 1986లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ నివేదిక వెలువడింది. 1987 డిసెంబరులో చట్టం వచ్చింది. ప్రభుత్వ వైద్య నిధులు పొందే నర్సింగ్ హోములలో సహాయకులకు కనీసం 75 గంటల శిక్షణ తప్పనిసరి అయింది. అందులో కనీసం 16 గంటలు పర్యవేక్షణలో చేసే ఆచరణాత్మక శిక్షణ. ఉద్యోగంలో చేరిన నాలుగు నెలలలోగా శిక్షణ ముగించి అర్హత నిరూపించుకోవాలి. శిక్షణ మొదలయ్యేనాటికి నర్సింగ్ హోములో ఉద్యోగి అయినా, ఉద్యోగం ఇస్తామన్న మాట పొందినా, ఆమె వద్ద ఒక్క సెంటు వసూలు చేయరాదు. పుస్తకాల ఖర్చు కూడా అడుగరాదు. సొంత ఖర్చుతో నేర్చుకొని 12 నెలలలోపు అటువంటి చోట ఉద్యోగంలో చేరితే, ఆ ఖర్చును దామాషా ప్రకారం తిరిగి ఇప్పించే ఏర్పాటు రాష్ట్ర ప్రభుత్వం చేయాలి. ఉద్యోగి పొందే శిక్షణ పని వేళల వెలుపల జరిగి, ఐచ్ఛికమై, ఉద్యోగానికి సంబంధం లేనిదై, ఆ సమయంలో ఏ పనీ చేయనిదైతే తప్ప, అది పని సమయమేనని ఆ దేశపు వేతన చట్టం నిబంధనలు చెబుతున్నాయి.

అమెరికా స్వర్గమని ఎవరూ భ్రమపడనక్కరలేదు. అక్కడ 75 గంటలు చాలీచాలని శిక్షణే, సహాయకుల జీతాలూ చాలీచాలనివే. అయినా లాభమే పరమార్థమైన ఆ దేశంలో కూడా “నేర్పినందుకు రుసుము” అనే వాదం చట్టం ముందు ఓడిపోయింది. సంక్షేమ రాజ్యమని చెప్పుకునే మన దేశంలో అది ఇంకా గెలుస్తూ ఉండడం సిగ్గుచేటు.

యాజమాన్యాల పక్షాన ఒక తీర్పు ఉన్నదని అంటారు. ఉన్నది. అది కూడా రైల్వేకు సంబంధించినదే. పోర్ట్‌లాండ్ టెర్మినల్ అనే రైలు కంపెనీ యార్డు బ్రేక్‌మెన్‌గా చేరగోరిన వారికి వారం రోజులకు పైబడి శిక్షణ ఇచ్చింది. వారు ఉద్యోగులు కారని 1947లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కారణం ఏమిటి? శిక్షణార్థులు అసలు ఉద్యోగుల స్థానంలో పనిచేయలేదు, వారివల్ల కంపెనీకి తక్షణ లాభమూ కలుగలేదు. సరే, ఆ గీటురాయి మీదనే మన వార్డును పరీక్షిద్దాం. ఆయా సెలవు పెట్టిన రాత్రి ఆ పడకల మధ్య తిరిగేది ఎవరు? “ట్రైనీ”యే. ఖాళీ పోస్టు భర్తీ చేయకుండా నెలలు గడిపేది ఎవరి శ్రమపై? “ట్రైనీ” శ్రమపైనే. అటువంటప్పుడు ఆమె శిక్షణార్థి కాదు, జీతం ఎగవేయబడిన కార్మికురాలు.

మన అనుభవం కూడా ఇదే పాఠం చెబుతున్నది. 1980 అక్టోబరులో తపాలా శాఖ రిజర్వ్ ట్రైన్డ్ పూల్ పథకం తెచ్చింది. ఎంపికైన వారికి శిక్షణ ఇచ్చి, నియామకం మాత్రం ఇవ్వక, అవసరం పడినప్పుడల్లా గంటల వేతనంపై పిలిపించుకున్నది. 1986లో పథకం రద్దయింది. ఆ కాలానికి బోనసు వంటి ప్రయోజనాలు అడిగినవారికి 1997లో సుప్రీంకోర్టులో చుక్కెదురైంది. రైల్వేలో అప్రెంటిస్‌షిప్ ముగించి, ఉద్యోగం దొరకని యువకులు 2018 మార్చి 20న ముంబయిలో మాటుంగా, దాదర్‌ల మధ్య పట్టాలపై బైఠాయించారు. నేర్పిన సంస్థే నేర్చిన వానిని వీధిలో నిలబెట్టడం కంటె అన్యాయం మరొకటి ఉన్నదా?

చట్టం సైతం వెనుకకు నడుస్తున్నది. అప్రెంటిస్ శిక్షణార్థియే గాని కార్మికుడు కాడని 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం 18వ సెక్షను చెబుతున్నది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం మాత్రం కార్మికుని నిర్వచిస్తూ “అప్రెంటిస్‌తో సహా” అన్నది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ “అప్రెంటిస్ మినహా” అంటున్నది. “సహా” పోయి “మినహా” వచ్చింది. ఈ ఒక్క మాటతో ఒక తరం యువతను సంఘం గడప వెలుపల నిలబెట్టారు.

ఆసుపత్రుల రంగంలో ఏమి జరిగింది? 2021 జూన్‌లో, కోవిడ్ రెండవ ఉధృతి తరువాత, 26 రాష్ట్రాలలో 111 కేంద్రాల ద్వారా లక్ష మందికి సత్వర శిక్షణ అంటూ కేంద్రం 276 కోట్ల రూపాయల పథకం ప్రారంభించింది. శిక్షణకు లక్ష్యం పెట్టారు, శాశ్వత నియామకానికి పెట్టలేదు. ఆపద వేళ “యోధులు” అని పొగడడం, ఆపద తీరాక పత్రం చేతికిచ్చి పంపడం, ఇదేనా గౌరవం?

“జీతమిచ్చి నేర్పితే, నేర్చుకొని వెళ్ళిపోతారు” అన్నది మరొక వాదన. మంచి జీతం, భద్రత ఉన్నచోటి నుండి ఎవరు వెళ్ళిపోతారు? వెళ్ళిపోతారన్న భయం ఉన్నవారు జీతం పెంచాలి గాని బాండు వ్రాయించుకొని కట్టిపడేయరాదు. అసిస్టెంట్ లోకో పైలట్‌గా ఎంపికైన వానికి శిక్షణ కాలంలో స్టైపెండు, కరువుభత్యం ఇస్తున్నారు. అందువల్ల రైల్వే దివాలా తీయలేదు. ఉద్యోగుల పక్షం జె.సి.ఎం.లో పట్టుబట్టగా, నియామకానికి ముందటి శిక్షణ కాలాన్ని ఇంక్రిమెంట్ల నిమిత్తం డ్యూటీగా లెక్కించాలని 1990 అక్టోబరులో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. ఆ న్యాయం ఇంజను నడిపేవానికి వర్తించి, రోగిని లేవనెత్తే స్త్రీకి ఎందుకు వర్తించదు?

కనుక మన శాఖలన్నీ ఈ క్రింది కోర్కెలను చేపట్టాలి:

1. ఆసుపత్రి సహాయకుల విషయంలో ముందు నియామకం, తరువాత శిక్షణ. శిక్షణ కాలానికి పూర్తి వేతనం.

2. రుసుము, బాండు, డిపాజిట్ ఏ రూపంలోనూ ఉండరాదు. పుస్తకాలు, దుస్తులు యజమానియే ఇవ్వాలి.

3. శిక్షణార్థిని ఖాళీ పోస్టుకు బదులుగా డ్యూటీ చార్టులో చూపరాదు.

4. కాంట్రాక్టు కింద ఏళ్ళ తరబడి పనిచేస్తున్న ఆయాలకు, అటెండెంట్లకు డ్యూటీ వేళలలోనే శిక్షణ ఇచ్చి, వారి అనుభవాన్ని గుర్తించి, సర్టిఫికెట్ ఇచ్చి, ఖాళీలలో ప్రాధాన్యమివ్వాలి.

5. కార్మికుని నిర్వచనంలో అప్రెంటిస్‌కు తిరిగి స్థానం కల్పించాలి.

కాంట్రాక్టు ఆయా మన సంఘ సభ్యురాలు కాదనే సాకుతో మనం మౌనం వహించరాదు. నేడు వార్డులో చెల్లుబాటైన జీతంలేని శ్రమ రేపు సార్టింగ్ హాలుకు, ఎల్లుండి ప్లాట్‌ఫారానికి వస్తుంది. ప్రతి డివిజను కార్యవర్గం తన పరిధిలోని ఆసుపత్రిలో ఎందరు శిక్షణ పేరిట పనిచేస్తున్నారో, వారికి ఏమి ఇస్తున్నారో విచారించి, రాబోయే సమావేశంలో తీర్మానం చేసి కేంద్ర కార్యాలయానికి పంపాలి. ఆ ఆయాలను సమావేశానికి ఆహ్వానించాలి, వారి నోటనే వారి మాట వినాలి.

శ్రమకు వేతనం! శిక్షణకు గౌరవం! కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!