చేను తెగులుకి పేరు అడుగుతాం, గోటి తెగులుకి అడగమా?

ఈసారి పంట సంగతి కాదు, గోళ్ళ సంగతి రాస్తున్నాను. నవ్వకుండా చివరిదాకా చదవండి.

రెండేళ్ళ కిందట దాళ్వా ఊడ్పులప్పుడు మా ఇంట్లో ఆవిడకి కుడిచేతి బొటనవేలికి గోరుచుట్టు వచ్చింది. నిమ్మకాయ తొడిగాం, పసుపు పెట్టాం. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వాచింది. ఊడ్పులు, పేడ, అంట్లు, బట్టలు... మన ఆడవాళ్ళ చేతికి తడి ఆరేదెప్పుడు చెప్పండి? మెడికల్ షాపులో ఒక ట్యూబు ఇచ్చారు. రాసినన్నాళ్ళు ఎరుపు తగ్గేది, మానేస్తే ఇంకా ఎక్కువయ్యేది. అందులో స్టెరాయిడ్ కలిసి ఉందని మాకు తర్వాత తెలిసింది. ఆ పైన ఫ్లూకోనజోల్ మాత్రలు, వారానికొకటి చొప్పున అయిదు నెలలు. గోరు పచ్చబడి, గరుకెక్కి, అంచున లేచిపోయింది గానీ తగ్గలేదు.

ఆఖరికి పెద్దాసుపత్రిలో చర్మ విభాగానికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ చూసి, "ఇన్నాళ్ళు మందులు వాడారు కదా, గోరు పరీక్ష ఎప్పుడైనా చేయించారా?" అని అడిగింది. నాకు సిగ్గేసింది. వరాకు మీద మచ్చ కనబడితే అగ్గితెగులా, పొడతెగులా అని పదిమందిని అడిగి గానీ మందు కొట్టను. ఇంట్లో మనిషి వేలికి మాత్రం షాపువాడు ఏది ఇస్తే అది వాడాను.

గోరు పాడవడానికి కారణం ఒక్కటే కాదండీ. తామర తెచ్చే ఫంగస్ వేరు, ఈస్టు వేరు. సోరియాసిస్ వల్లా గోరు చెడుతుంది, అది అసలు ఫంగస్సే కాదు. ఈస్టంటే కల్లు పొంగించే, రొట్టె ఉబ్బించే జాతి. వాటిలో మంచివి ఉన్నాయి, మనిషిని పట్టేవీ ఉన్నాయి. తామరకి వాడే గ్రైసియోఫుల్విన్ ఈస్టు మీద పనిచేయదు.

ఈస్టుల్లో మళ్ళీ రకాలు. మామూలుగా దొరికేది కాండిడా ఆల్బికాన్స్. పారాప్సిలోసిస్, గిల్లియర్‌మాండి కూడా గోళ్ళలో కనిపిస్తాయి. ట్రైకోస్పోరాన్, రోడోటోరులా లాంటివి అరుదు. కాండిడా క్రుసై అనే రకానికి, రోడోటోరులాకి ఫ్లూకోనజోల్ పుట్టుకతోనే లెక్కలేదు. మా ఆవిడ గోటిలో తేలింది ఆ క్రుసై. అయిదు నెలలు మేం మింగించింది దాని మీద పనిచేయని మందు.

ఎలా కనిపెడతారో కూడా చెప్తాను. గోటి కింద గీకిన పొడి మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపులో చూస్తారు. ఫంగస్ ఉందా లేదా అన్నది అక్కడ కొంత తెలుస్తుంది. మిగతా పొడిని ప్లేటులో పెంచుతారు. పెరిగిన ఈస్టుని సీరంలో వేసి 37 డిగ్రీల వేడిలో రెండు మూడు గంటలు ఉంచితే, మొలకలాగా తోక వచ్చింది చాలామటుకు ఆల్బికాన్స్. రంగుల ప్లేటులో వేస్తే ఆల్బికాన్స్ ఆకుపచ్చగా, ట్రాపికాలిస్ నీలంగా, క్రుసై గులాబీగా పెరుగుతాయి. అరుదైన రకాలకి ఈ రంగులు చాలవు. ఏ చక్కెర తిని బతుకుతుందో చూసే పరీక్షల్లో కూడా ఒకదాన్ని ఇంకొకటిగా చెప్పే ప్రమాదం ఉంది. అప్పుడు మాల్డీటాఫ్ అనే మెషీను గానీ, డీఎన్ఏ పరీక్ష గానీ కావాలి.

పేరు తప్పితే ఏమవుతుందో కాండిడా ఆరిస్ చూపించింది. 2009లో జపాన్‌లో ఒక పెద్దావిడ చెవిలో దొరికిన దాన్ని కొత్త రకంగా ప్రకటించారు. తర్వాత చాలా దేశాల ఆసుపత్రుల్లో కనబడింది. మామూలు మెషీన్లు దాన్ని హీమ్యులోనై అనే వేరే ఈస్టుగా చూపించేవి. ఎన్నో మందులకి లొంగని రకం, పేరు మారి తప్పించుకు తిరిగింది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ప్లేటులో పెరిగిందల్లా దోషి కాదు. చచ్చిన మొక్క మీద బూజు కనబడితే ఆ బూజే చంపిందని అనలేం కదా. చెడిన గోటిలో ఈస్టు ఊరికే చేరి కూర్చోవచ్చు. అందుకే మైక్రోస్కోపులో కూడా కనబడిందా, రెండోసారి తీసినా అదే వచ్చిందా అని చూస్తారు. మా ఆవిడకి రెండుసార్లు తీశారు.

ఇంకోటి. పొడతెగులుకి మనం కొట్టే హెక్సాకోనజోల్, ఈ ఫ్లూకోనజోల్ ఒకే కుటుంబం. ఒకే గ్రూపు మందు పదే పదే కొడితే తెగులు మొండికేస్తుందని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఒంటికీ అదే లెక్క.

"గోరు కోసం కూలి పోగొట్టుకుని పట్నం వెళ్ళాలా?" అంటారు మీరు. న్యాయమే. ఖరీదైన మెషీను ప్రతి ఊళ్ళో పెట్టమని నేనూ అడగను. కానీ గోటి పొడికి ఐసు పెట్టె అక్కర్లేదు, పొడి కాగితంలో మడిచి పంపొచ్చు. మట్టి నమూనా భూసార పరీక్షకి వెళ్తున్నప్పుడు, గోటి నమూనా మన పీహెచ్‌సీ నుంచి మెడికల్ కాలేజీ ల్యాబుకి ఎందుకు వెళ్ళకూడదు? అక్కడా తేలని రకాన్ని చండీగఢ్ పీజీఐ లాంటి చోటికి పంపొచ్చు, ఫంగస్ రకాలు భద్రపరిచే జాతీయ కేంద్రం అక్కడే ఉంది. గ్రామసభలో విత్తనాలు, ఎరువులు అడిగినట్టే ఇదీ అడగాలని నా అభిప్రాయం.

అంతవరకు మన చేతిలో ఉన్నవి చేద్దాం. తెలియని ట్యూబు రాయొద్దు. నెల దాటినా తగ్గకపోతే డాక్టరుకి చూపించి, "పరీక్ష చేసి పేరు చెప్పండి" అని అడగండి. పరీక్షకి వెళ్ళేముందు ఏ పూత మందు వాడారో దాచకుండా చెప్పండి. షుగరు కూడా చూపించుకోండి, షుగరు ఉన్నవాళ్ళని ఈ ఈస్టులు త్వరగా పట్టుకుంటాయి.

మా ఆవిడకి ట్యూబు మాన్పించారు, మందు మార్చారు. తడి పనికి లోపల నూలు గ్లౌజు, పైన రబ్బరు గ్లౌజు వేసుకోమన్నారు. ఇప్పుడు కొత్త గోరు సగం దాకా శుభ్రంగా వచ్చింది. ఆ పాత సగం చూసినప్పుడల్లా, మొదటి నెలలోనే ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేదని అనిపిస్తుంది. మీరైనా అడగండి.