తెగుళ్ల గుర్తింపునకు ఏ కెమెరా?

విస్తరణ విభాగాలలో పాత డీఎస్ఎల్ఆర్‌లను బీరువాకు పరిమితం చేసి, తేలికైన సూపర్‌జూమ్ కెమెరాలను కొనే ధోరణి కనిపిస్తోంది. ఇది పునరాలోచించవలసిన విషయం.

2008 నాటి నికాన్ డీ90ని, 2012 నాటి కానన్ పవర్‌షాట్ ఎస్ఎక్స్50 హెచ్ఎస్‌ను పోల్చి చూద్దాం. రెండూ సుమారు 12 మెగాపిక్సెళ్లవే. అయితే మొదటిదాని సెన్సర్ వైశాల్యం రెండవదానికి దాదాపు 13 రెట్లు. ఒకే ఎపర్చరు వద్ద ప్రతి పిక్సెల్‌కు అందే కాంతిలోనూ ఇంచుమించు అంతే తేడా ఉంటుంది.

పాతబస్తీలోని మీర్ ఆలం మండీలో, వేకువ మసక వెలుతురులో మిరపకాయను చిత్రీకరించినపుడు ఈ భేదం తెలుస్తుంది. కాయపై మచ్చ ఎండదెబ్బదా, కాయకుళ్లు తెగులుదా? కుళ్లు మచ్చలో వలయాలు, వాటిలో నల్లని చుక్కలు ఉంటాయి. చిన్న సెన్సర్ చిత్రంలోని గరుకుదనాన్ని కెమెరా సరిచేసే క్రమంలో ఆ చుక్కలూ చెరిగిపోవచ్చు. దానిని నమ్మి సలహా ఇస్తే రైతు అక్కరలేని శిలీంద్రనాశినికి ఖర్చు చేస్తాడు. లేదా వేయవలసిన మందు వేయక నష్టపోతాడు.

సూపర్‌జూమ్‌ను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 24 నుండి 1200 మిల్లీమీటర్లకు సమానమైన దాని 50 రెట్ల జూమ్‌తో, జొన్న కంకిపై వాలిన పక్షిని గట్టు మీద నుండే గుర్తించవచ్చు. డీఎస్ఎల్ఆర్‌కు అంతటి లెన్సు కొనడమూ, మోయడమూ భారమే.

అయినా తెగుళ్ల గుర్తింపే ప్రధానమైన చోట, పరిమిత నిధులతో పాత కెమెరాకు ఒక మాక్రో లెన్సు, ఒక ట్రైపాడ్ సమకూర్చడం మేలు. ప్రతి చిత్రంలో కొలబద్దను ఉంచడం కూడా విద్యార్థులకు నేర్పాలి.