సీసీల పిచ్చి, స్పేర్ల కరువు

జామాయిల్, సుబాబుల్ కర్ర కొట్టే ముఠాల దగ్గర కోత మిషన్ (చైన్‌సా) మాట ఎత్తితే చాలు, రచ్చ మొదలవుతుంది. స్టిల్‌ను మించింది లేదని ఒకడు, హస్క్‌వర్నా ముందు అదెంతని ఇంకొకడు. జర్మనీ మిషన్ స్టిల్‌దీ నారింజ రంగే, స్వీడన్ మిషన్ హస్క్‌వర్నాదీ నారింజ రంగే. వాటి పక్కనే అదే రంగు పూసుకుని చవగ్గా దొరికే చైనా సరుకు. గంటసేపు గొంతు చించుకుంటారు గానీ, చైన్ తెగితే కొత్తది ఏ ఊళ్లో దొరుకుతుందని ఒక్కడూ అడగడు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ముందు సీసీల సంగతి తేలుద్దాం. చైనా సరుకు పెట్టె మీద 58 అంటారు, 62 అంటారు. సిలిండర్ విప్పి కొలవండి. బోరు 45.2 మి.మీ., స్ట్రోకు 32.5 మి.మీ. వచ్చిందంటే లెక్క 52 సీసీ దగ్గరే ఆగుతుంది. స్టిక్కర్ మారిస్తే పిస్టన్ లావెక్కుతుందా? తూకంలో కిలోకు 150 గ్రాములు కొట్టేసిన వ్యాపారిని నలుగురిలో నిలబెట్టి కడిగేస్తాం. ఇంజన్‌లో పది సీసీలు కొట్టేసినవాడికి మాత్రం దండం పెట్టి మరీ డబ్బిస్తాం.

పేరున్న కంపెనీలు సత్యహరిశ్చంద్రులేం కాదు. హస్క్‌వర్నా 365, 372 ఎక్స్‌పీల ఎక్స్-టార్క్ తరం చూడండి. రెండూ 70.7 సీసీలే. ఒకదాని బలం 3.6 కిలోవాట్లు, రెండోదానిది 4.1. తేడా చాలావరకు సిలిండర్ పక్కనుండే ట్రాన్స్‌ఫర్ దారుల మూతల్లో ఉంది. 365లో ఆ మూతకున్న నాలుక మిశ్రమం వెళ్లే దారికి అడ్డుపడుతుంది. దాన్ని అరగదీసి 365ను 372గా మార్చుకునేవాళ్లు అమెరికాలో బోలెడుమంది. వాళ్లను నేను తప్పుపట్టను. ఏం చేస్తున్నారో తెలిసి చేస్తున్నారు.

మన దగ్గర మాడిఫికేషన్ అంటే సైలెన్సర్‌కు డ్రిల్లు పెట్టడమే. చప్పుడు పెరిగింది కాబట్టి బలమూ పెరిగిందని సంబరం! పొగ తేలిగ్గా బయటికి పోతే లోపలికి గాలి ఎక్కువ వస్తుంది. దానికి తగ్గ పెట్రోలు అందాలంటే కార్బొరేటర్ మీది హెచ్ స్క్రూ మళ్లీ సరిచేయాలి. టాకోమీటర్ పెట్టి సరిచేసే మెకానిక్‌ను ఒక్కణ్ని చూపించండి. చేయకపోతే ఇంజన్ పల్చటి మిశ్రమం మీద కీచుమని ఎగురుతుంది, పక్కనున్నవాడు ‘భలే పికప్’ అంటాడు. టూ స్ట్రోక్ ఇంజన్‌కు ఆయిల్ పెట్రోలులో కలిసే రావాలి కదా, పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గినట్టే. ఎగ్జాస్ట్ వైపు పిస్టన్ మీద నిలువు గీతలు పడతాయి, మిషన్ బిగుసుకుపోతుంది. తిట్లు మాత్రం కంపెనీకి. పోనీ ఆయిలైనా కొలిచి పోస్తారా అంటే అదీ లేదు. 50కి 1 అంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు. ఆ కొలత సీసా మూతతో, కంటి అంచనాతో కానిచ్చేస్తున్నారు.

బలం కావాలా? పళ్లు చూడండి. పదునున్న చైన్ పేళ్లు విసురుతుంది, మొద్దుబారిన చైన్ పిండి రాలుస్తుంది. బార్ కింద పిండి కనిపించిన క్షణమే మిషన్ ఆపి ఆకురాయి తీయాలి. 3/8 పిచ్ చైన్‌కు 5.2 గానీ 5.5 మి.మీ. గానీ గుండ్రటి ఆకురాయి, .325 పిచ్‌కైతే 4.8. ఎక్కువ చైన్లకు కోణం 30 డిగ్రీలు. లోపలినుంచి బయటికే తోయాలి. ఒక పంటికి ఎన్ని తోపులైతే అన్ని పళ్లకూ అన్నే, లేదంటే కోత పక్కకు లాగేస్తుంది. ప్రతి పంటి ముందూ ఉండే బొడిపె పంటి అంచు కంటే సుమారు 0.65 మి.మీ. కిందకుండాలి. పన్ను అరిగేకొద్దీ దాన్నీ రాయాలి. రాయకపోతే ఎంత పదునున్నా చైన్ కర్ర మీద జారిపోతుంది. ఇంత పని ఉందని కొన్నవాడికి చెప్పాల్సింది ఎవరు? డీలరు. ఆయన నేర్పేదల్లా తాడు లాగి స్టార్ట్ చేయడం, మిషన్ పట్టుకుని ఫొటో దిగడం.

మా జిల్లా కేంద్రంలో ఒక దుకాణదారుణ్ని ఆయిల్ సీల్ అడిగితే ఇంజనే మార్చేయమన్నాడు! ఇంకొకాయన గేజ్ చూడకుండానే చైన్ అంటగట్టి ‘సెట్టయిపోద్ది లెండి’ అన్నాడు. 1.6 మి.మీ. చైన్ 1.5 బార్ గాడిలో దిగదు. 1.5 చైన్‌ను 1.6 గాడిలో వేస్తే ఊగుతూ బార్‌ను తినేస్తుంది. ఇది తెలియనివాడు ఆ కౌంటర్‌లో ఎందుకు కూర్చున్నట్టు?

2007లో అమెరికాలో స్టిల్ పత్రికలకెక్కి మరీ ప్రకటనలిచ్చింది, లోస్, హోమ్ డిపో లాంటి మహా దుకాణాల్లో తన రంపం దొరకదని. సర్వీసు చేసే డీలరు చేతిమీదుగానే అమ్ముతామన్నది దాని సారం. వ్యాపార ఎత్తుగడే, కాదనను. కానీ ఆ ఎత్తుగడ నిలబడాలంటే డీలర్ దగ్గర స్పేరు, పని తెలిసిన చెయ్యి ఉండాలి. బోర్డు ఒక్కటే ఉంటే చాలదు.

మరో ఘనకార్యం, చేతికి అడ్డమొస్తోందని చైన్ బ్రేకు రెక్క పీకేయడం. బార్ కొన కర్రకు తగిలి మిషన్ మొహమ్మీదకు ఎగిరినప్పుడు చైన్‌ను ఆపేది ఆ రెక్కే. పీకేది కూలీ, హవాయి చెప్పులతో ఎగ్గట్టిన లుంగీతో నిలబడేదీ కూలీయే. పీకొద్దని ఒక్క ముక్క చెప్పకుండా అమ్మినవాడికి మాత్రం ఏ గాయమూ కాదు.

2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుఫాన్లు ఉత్తరాంధ్రలో చెట్లను కూల్చి దారులు మూసేసినప్పుడు ఈ మిషన్ల విలువేమిటో అందరికీ తెలిసొచ్చింది. అలాంటి రోజున స్ప్రాకెట్ అరిగితే ‘వారం పడుతుంది’ అనే డీలర్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

కాబట్టి కొనబోయేవాళ్లకు నా విన్నపం ఒక్కటే. డబ్బు కట్టేముందు ఆ మిషన్‌కు సరిపోయే చైన్, స్ప్రాకెట్, ఆయిల్ సీల్, ఆకురాయి బల్లమీద పెట్టమనండి. ఒక పన్ను మీ ముందే రాసి చూపించమనండి. నీళ్లు నమిలితే, అది ఏ బ్రాండైనా సరే, డబ్బు జేబులో పెట్టుకుని బయటికి వచ్చేయండి.