అయిదున్నర గంటల తేడా

ఋషికొండ మీద ఆఫీసులో పనిచేసే రోజుల్లో జరిగిన సంగతిది. ఓ పొద్దున్న వెళ్ళేసరికి అందరూ ఒక గ్రాఫు చుట్టూ మూగి ఉన్నారు. ముందురోజు రాత్రి 8:10కి 500 ఎర్రర్లు కుప్పలుగా వచ్చాయట. ఎనిమిదింటికి కొత్త కోడు ఎక్కించింది ఎవరయ్యా అంటే, చేరి మూడు నెలలైనా కాని కుర్రాడు. ఇంకేముంది, దొంగ దొరికాడు! "నేను చూసినప్పుడు బానే ఉంది సార్" అంటూనే ఉన్నాడు పాపం. వినేదెవరు?

ఎందుకో అనుమానమొచ్చి గ్రాఫు వదిలేసి అసలు లాగు ఫైలు తెరిచాను. అపాచీ రాసే లైను మీకు తెలిసిందే. ఎవరడిగారు, ఎప్పుడడిగారు, ఏమడిగారు, ఏ కోడుతో జవాబిచ్చాం, ఎన్ని బైట్లు. ఆ టైము చివర చిన్న తోక ఉంటుంది. మన టైమైతే ప్లస్ 0530. మా లాగులో ప్లస్ 0000 అని ఉంది. అంటే సర్వరు యూటీసీలో నడుస్తోంది! మేం వాడిన బుల్లి జావాస్క్రిప్టు లైబ్రరీ ఆ తోకని కత్తిరించి పారేసి, మిగిలింది మన టైమే అనుకుంది. ఎర్రర్లొచ్చింది నిజానికి అర్ధరాత్రి దాటాక 1:40కి, డేటాబేసు బ్యాకప్పు నడిచే వేళకి.

ఆ లైబ్రరీ మొత్తం కలిపి 80 లైన్లు. ఎవరం చదవలేదు. దాన్ని ప్రాజెక్టులోకి తెచ్చింది నేనే :(

మా నాన్నగారు ఉక్కు ఫ్యాక్టరీలో చేసేవారు. సీ షిఫ్టు రాత్రి మొదలై తెల్లారి ముగుస్తుంది కాబట్టి, లాగుబుక్కులో ఏ తారీఖు కింద రాశారో చూడకుండా పైవాడి రాత నమ్మేవారు కాదు. నాకు ఆ మాత్రం కూడా తట్టలేదు.

సరే, ఆలస్యంగానైనా కూర్చుని ఆ 80 లైన్లూ చదివితే ఇంకో వింత బయటపడింది. యూఆర్ఎల్‌లో తెలుగు ఉంటే ఒక్కో అక్షరమూ, ఒక్కో గుణింతపు గుర్తూ యూటీఎఫ్-8లో మూడేసి బైట్లు. బైటుకి శాతం గుర్తుతో కలిపి మూడక్షరాలు. 'విశాఖ' అని వెతికితే లాగులో పడేది 45 అక్షరాలన్నమాట. మన లైబ్రరీగారు యూఆర్ఎల్‌ని 100 దగ్గర కత్తిరించి, ఆ తర్వాత డీకోడ్ చేసేవారు. కోత అక్షరం మధ్యలో పడితే డీకోడ్ ఫంక్షను ఎర్రరు విసురుతుంది. లైబ్రరీ దాన్ని పట్టుకుని, నోరెత్తకుండా లైనునే మింగేసేది. ఇంగ్లీషులో వెతికినవాళ్ళకి ఈ బాధ లేదు. "తెలుగులో ఎవరూ వెతకట్లేదండీ" అని అంతకుముందు మీటింగులో అంటే నేనూ తలూపాను!

ఈ గొడవంతా ఎందుకు, పెద్ద టూల్ కొనేద్దామన్నారు మా మేనేజరు గారు. నాకది నచ్చలేదు. చిన్న లైబ్రరీలో ఉన్న సుఖమే అరగంటలో మొత్తం చదివేయగలగడం. 2016లో లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 లైన్ల ప్యాకేజీని తీసేస్తే ప్రపంచమంతా బిల్డులు ఆగిపోయాయి. చిన్నదని తప్పుపట్టారు చాలామంది. చిన్నదైనా తెరిచి చూడకపోవడమే తప్పని నా గోల.

తప్పు నాదని అందరికీ మెయిలు పెట్టాను. కుర్రాడు "పర్లేదు సార్" అన్నాడు. ఆ తర్వాత మాత్రం ఏ రిలీజు చేసినా, పక్కన 'ఐఎస్‌టీ' అని రాసుకుని స్క్రీన్‌షాట్ తీసి దాచుకునేవాడు.